మాగ్నెట్ పైపుకు అప్పు చేసే ముందు రెండు బకెట్ల పరీక్ష చేద్దాం



మందులు కొట్టే కాలం వచ్చిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లల్లోకి మందు డబ్బాలతో పాటు కొత్త కొత్త సామాన్లు కూడా దిగుతాయి. నడిగడ్డలో సీడు పత్తి, అలంపూర్ వైపు మిర్చి, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి... ఏ పంట వేసినా అమ్మేవాళ్లు మన కంటే ముందే చేను గట్టుకు వస్తున్నారు. ఆ సామాన్లలో ఒకటి మాగ్నెట్ పైపు. బోరు నీళ్లు దాని గుండా పోనిచ్చి స్ప్రే ట్యాంకులో నింపితే, అందులో కలిపే జిగురు మందు, అంటే స్టిక్కర్, రెండింతలు పనిచేస్తుందని, పురుగు మందు సగం సరిపోతుందని చెబుతున్నారు. దీని గురించి మా అనుభవం, మేము అడిగి తెలుసుకున్న సంగతులు ఈ నెల మీ ముందు పెడుతున్నాం.

మా ఊరి రచ్చకట్ట దగ్గర ఒక సాయంత్రం ఒక ఏజెంటు రెండు గ్లాసులు పెట్టి చూపించాడు. ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకొకదాంట్లో మాగ్నెట్ నీళ్లు. రెండింట్లో స్టిక్కర్ పోసి చేమ ఆకు మీద చుక్కలు వేశాడు. మామూలు నీళ్ల చుక్క ముత్యంలా దొర్లిపోయింది. మాగ్నెట్ నీళ్ల చుక్క ఆకంతా పరుచుకుంది. "చూసినవా అన్నా, కండ్ల ముందే ఉన్నది. ఇది సైన్సు. ఫారిన్‌ల పెద్ద పెద్ద లాబుల్లో తేల్చిన మాట" అన్నాడు. ఏ గ్లాసులో స్టిక్కర్ ఎంత పడిందో మేమెవ్వరమూ చూడలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ రాత్రి నలుగురు కొన్నారు. ఇద్దరు అప్పు మీదే తీసుకున్నారు.

అందులో ఒకరు మా సంఘం సభ్యుడే, మిర్చి రైతు. ఏజెంటు చెప్పినట్టు సగం మోతాదుతో మూడు తడవలు కొట్టాడు. తామర పురుగు తగ్గలేదు. ఆకులు ముడుచుకుపోయాయి. నాలుగో తడవకు పూర్తి మోతాదు కొట్టేసరికి సమయం దాటిపోయింది. ఆ ఏడు పంట పోవడానికి మాగ్నెట్ ఒక్కటే కారణమని మేము అనం. 2021-22లో నల్ల తామర పురుగు తెలంగాణ, ఆంధ్ర మిర్చి తోటలను ఎట్లా తిన్నదో మనకు తెలుసు, పూర్తి మోతాదుకే లొంగని పురుగు అది. అట్లాంటి పురుగు మీద సగం మోతాదు కొట్టించడం మాత్రం ఘోరం. సగం మోతాదుకు చావని పురుగు రాటుదేలుతుంది. దాని పిల్లలు పక్క చేనుకు పోతాయి. నష్టం కొన్న రైతుతోనే ఆగదు.

ఇందులో నిజమెంత?

ఏజెంటు మాట మొత్తం అబద్ధమైతే మన పని సులువయ్యేది. కొంత నిజం ఉంది కాబట్టే మోసపోతున్నాం. మేము పదో తరగతి దాకా చదువుకున్నవాళ్లం. అందుకే రిటైరైన ఒక సైన్సు మాస్టారు దగ్గర కూర్చుని రెండు ఆదివారాలు అడిగి తెలుసుకున్నాం.

ముందు స్టిక్కర్ సంగతి. సబ్బు, సర్ఫు, షాంపూ, మనం ట్యాంకులో కలిపే స్టిక్కర్, స్ప్రెడర్ అన్నీ ఒకే జాతివి. వీటిని సర్ఫాక్టెంట్లు అంటారు. వీటి అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీళ్లంటే ఇష్టం. తోకకు నీళ్లు పడవు, నూనె, మైనం అంటే ఇష్టం. ఆకు మీద మైనం పొర ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు దొర్లిపోతాయి. సర్ఫాక్టెంట్ అణువులు చుక్క అంచుల్లో చేరి నీటి తలతన్యతను తగ్గిస్తాయి. మంచి నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సర్ఫాక్టెంట్ కలిస్తే అది 30 దగ్గరికి దిగుతుంది. అప్పుడు చుక్క పరుచుకుంటుంది. అంటే చుక్కను పరిచేది స్టిక్కరే.

ఒక హద్దు దాటి కలిపితే మిగిలిన అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని గుండ్రటి గుంపులుగా చేరతాయి. వీటి పేరు మిసెల్లు. షాంపూలో వాడే సోడియం లారిల్ సల్ఫేట్‌కైతే మంచి నీటిలో ఆ హద్దు లీటరుకు సుమారు 2.3 గ్రాములు. ఒక్కో గుంపులో అరవై అణువుల దాకా ఉంటాయి. ఆ హద్దు దాటాక ఇంకా పోసినా తలతన్యత పెద్దగా తగ్గదు, మన డబ్బు వృథా.

ఇక అయస్కాంతం సంగతి. నీళ్లు అయస్కాంతానికి స్పందిస్తాయా అంటే స్పందిస్తాయి. ఇనుమును అయస్కాంతం లాక్కుంటుంది, నీటిని మాత్రం చాలా బలహీనంగా నెడుతుంది. ఎంత బలహీనంగా అంటే, ఆ నెట్టుడు కంటికి కనిపించాలంటే బ్రహ్మాండమైన అయస్కాంతం కావాలి. 1994లో జపాన్ పరిశోధకులు 8 టెస్లాల అయస్కాంతంతో తొట్టిలోని నీటిని రెండు పాయలుగా విడదీసి చూపారు. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో 16 టెస్లాల అయస్కాంతం లోపల బతికున్న కప్పను గాలిలో తేలించారు. కప్ప ఒళ్లంతా నీళ్లే కదా. ఆ కప్ప బయటికొచ్చాక ఎప్పటిలాగే గెంతుకుంటూ పోయింది.

సబ్బు జాతి ద్రావణాలు కూడా బలమైన అయస్కాంతానికి స్పందిస్తాయి. 1967లో లాసన్, ఫ్లాట్ అనే అమెరికా పరిశోధకులు, సర్ఫాక్టెంట్‌ను చిక్కగా కలిపి అయస్కాంతంలో పెడితే, దానిలోని గుంపులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయని చూపారు. 1997లో ఇంకో అడుగు ముందుకు పడింది. పళ్లెం ఆకారంలో పెద్ద గుంపులు కట్టే కొవ్వు పదార్థాలను నూటికి ఐదు పాళ్లంత పలుచగా కలిపినా బలమైన అయస్కాంతంలో వరుసలో నిలబడతాయని తేలింది. ప్రోటీన్ల రూపం తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ కిటుకును వాడుతున్నారు. కాబట్టి "ఫారిన్ లాబుల్లో తేలింది" అన్న మాటలో నిజం ఉంది. కానీ అక్కడ తేలింది వేరు, ఇక్కడ మనకు అమ్మేది వేరు.

తేడా ఎక్కడుంది?

మొదటిది బలం. భూమి అయస్కాంత బలం మన దగ్గర టెస్లాలో లక్షకు నాలుగు వంతులు. పైపుకు బిగించే అయస్కాంతం ఎంత మంచిదైనా దాని ముఖం దగ్గర అర టెస్లాకు అటూ ఇటూ ఉంటుంది, పైపు నడిమికి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. ఆ లాబుల్లో వాడేవి పది టెస్లాలు, ఆ పైవి. పైగా ఈ లెక్కలో బలం సగమైతే పని సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పదో వంతైతే పని నూరో వంతు.

రెండోది ఆకారం. అయస్కాంతం ఒక దిక్కుకు తిప్పాలంటే ఆ వస్తువుకు పొడుగో వెడల్పో ఉండాలి. కర్రను తూర్పుకు తిప్పామంటే అర్థం ఉంది, గోలీని తూర్పుకు తిప్పడం ఏమిటి? స్టిక్కర్‌ను మనం లీటరుకు అర మిల్లీలీటరో, ఒక మిల్లీలీటరో కలుపుతాం. అంత పలుచని నీళ్లలో ఉండేవి విడి అణువులు, చిన్న గుంపులు. లాబుల్లో వరుసలో నిలబడినవి వాటికంటే ఎన్నో రెట్లు పెద్దవైన కడ్డీలు, పళ్లేలు.

మూడోది వేడి. నీటి అణువులు నిలకడగా ఉండవు. మామూలు వేడికే ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరుగుతుంటాయి. ఒక టెస్లా అయస్కాంతం ఒక నీటి అణువుకు ఇచ్చే శక్తి, ఆ వేడి శక్తిలో సుమారు నాలుగు కోట్ల వంతు. జాతరలో తోసుకుంటున్న జనం మీద ఈగ వాలినట్టు. స్టిక్కర్ గుంపులోని అరవై అణువులనూ కలిపి లెక్కేసినా కథ పెద్దగా మారదు.

నాలుగోది గుర్తు. అయస్కాంతం నుంచి బయటికొచ్చాక నీళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుంటాయని ఏజెంటు అంటాడు. నీటి అణువుల మధ్య పట్టు సెకనులో లక్ష కోట్ల వంతు సమయానికే తెగి కొత్తది కడుతుంది. పైపులో అయస్కాంతాన్ని నీళ్లు దాటడానికి పట్టేది సెకనులో చిన్న భాగం. ఆ తర్వాత ట్యాంకు నింపి, మందు కలిపి, చేనుకు నడిచి, కొట్టేసరికి అరగంట. అప్పటిదాకా ఏ గుర్తు మిగులుతుంది? లాబులో వరుసలో నిలబడిన గుంపులు కూడా అయస్కాంతంలో ఉన్నంతసేపే ఆ వరుసలో ఉంటాయి. బయటికి తీసి కలిపితే మళ్లీ ఎటువి అటే.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. దవాఖానలో ఎంఆర్ఐ తీస్తారు. ఆ యంత్రం 1.5 టెస్లా, కొన్ని చోట్ల 3 టెస్లాలు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే. అరగంట అందులో పడుకుని లేచిన మనిషి నీళ్లు మారిపోయి బయటికి రాడు. చిన్న అయస్కాంతం ముందు నుంచి క్షణంలో దాటిపోయిన బోరు నీళ్లు ఎట్లా మారతాయి?

అసలు రోగం ఉప్పు

మన దగ్గర సబ్బు సరిగా నురగ రాదు, సర్ఫు ఎక్కువ పడుతుంది, డ్రిప్పు లేటరల్స్‌లో తెల్ల పొర కడుతుంది. ఇది నిజమైన బాధే. దీనికి కారణం బోరు నీళ్లల్లో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. ఇవి సబ్బు అణువుల తలలను పట్టుకుని తెల్లటి తెట్టుగా మారుస్తాయి. తెట్టుగా మారిన సబ్బు పని చేయదు. 2,4-డి అమైన్ లాంటి కొన్ని కలుపు మందులను కూడా ఈ ఉప్పు దెబ్బతీస్తుంది. అయస్కాంతం ముందు నుంచి పోయినంత మాత్రాన ఉప్పు ఎక్కడికీ పోదు. దాటకముందు ఎంత కాల్షియం ఉందో దాటాకా అంతే ఉంటుంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. పైపుల్లో పొర కట్టకుండా అయస్కాంతం వాడే ఆలోచన పాతదే. బెల్జియంలో 1945లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. పొర గట్టిపడే తీరు కొంత మారిందని కొన్ని పరీక్షలు, ఏమీ మారలేదని మరికొన్ని చెప్పాయి. ఆ వాదన బాయిలర్ల గురించి, పైపుల గురించి. దాన్ని తెచ్చి "స్టిక్కర్ రెండింతలు పనిచేస్తుంది, మందు సగం చాలు" అని మనకు అంటగట్టడం వేరే సంగతి.

మేము చేసిన పరీక్ష

కొన్న నలుగురిలో ఒకరి దగ్గర పైపు తీసుకుని మేమే పరీక్ష పెట్టుకున్నాం. ఒకే బోరు నీళ్లు రెండు బకెట్లు. ఒక బకెట్ నీళ్లను మాగ్నెట్ పైపు గుండా నాలుగు సార్లు పోనిచ్చాం. ఏది ఏదో బకెట్ల అడుగున చీటీ అతికించి, ఒక బడి పిల్లతో వాటి స్థలాలు మార్పించాం. ఆ తర్వాత పరీక్ష చేసేవాళ్లకు ఏది మాగ్నెట్ బకెట్టో తెలియదు. ఇంజెక్షన్ సిరంజితో కొలిచి రెండింట్లో ఒకే లెక్కన స్టిక్కర్ కలిపాం. అదే సిరంజితో పత్తి ఆకు మీద, ఉల్లి ఆకు మీద, చేమ ఆకు మీద చుక్కలు వేశాం. ఎంత వెడల్పు పరిచిందో స్కేలుతో కొలిచాం.

ఏది మాగ్నెట్ బకెట్టో చెప్పండని ముగ్గురిని అడిగితే ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. చుక్కల్లో తేడా లేదు. మూడో బకెట్‌లో వాన నీళ్లు పట్టి, మూడింట్లోనూ బట్టల సబ్బు రుద్దాం. రెండు బోరు బకెట్లూ తెట్టు కట్టాయి. వాన నీళ్ల బకెట్ నురగతో నిండింది. చూస్తున్న ఒక అవ్వ, "నీళ్లు మంచివైతే సబ్బు మంచిగనే పనిచేస్తది, గింత దానికి పద్నాలుగు వేలా నాయనా?" అన్నది. మా వ్యాసమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మాది చిన్న పరీక్ష. కానీ దీనికి అయిన ఖర్చు ఒక సబ్బు బిళ్ల, ఒక సిరంజి. ఎవరైనా చేయొచ్చు. ఏజెంటు ముందే చేయొచ్చు. అతను ఒప్పుకోకపోతే అదే జవాబు.

మనం చేయాల్సింది

ఒకటి, బోరు నీళ్లను పరీక్ష చేయించండి. ఉప్పు, సున్నం, ఉదజని సూచిక ఎంతో తెలిస్తే సగం సమస్య తెలిసినట్టే. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, వనపర్తి జిల్లా మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పరీక్ష ఎక్కడ చేస్తారో, చీటీలో అంకెలకు అర్థమేమిటో అక్కడ అడగండి. సలహా అడగడానికి మొహమాటం వద్దు, వాళ్లు ఉన్నది మన కోసమే.

రెండు, ఉప్పు ఎక్కువున్న చోట మందు కలపడానికి కాలువ నీళ్లో, చెరువు నీళ్లో, పట్టిపెట్టిన వాన నీళ్లో వాడండి. ఎకరం తడపడానికి కావాల్సినన్ని నీళ్లు అక్కర్లేదు, స్ప్రే ట్యాంకులకు సరిపడా చాలు. బట్టల సబ్బుకు బదులు అయానులు లేని రకం స్టిక్కర్ వాడితే ఉప్పు నీళ్లు దాన్ని అంతగా దెబ్బతీయవు. దుకాణంలో "నాన్ అయానిక్" అని అడిగి, లేబులు చూసి, రాసిన మోతాదే కలపండి. ఎక్కువ కలిపితే ఆకు మాడుతుంది, తక్కువైతే చుక్క దొర్లుతుంది.

మూడు, పురుగు మందు మోతాదును ఏ యంత్రం పేరు చెప్పినా సగం చేయకండి. మోతాదు తగ్గించమని చెప్పాల్సింది వ్యవసాయ శాస్త్రవేత్తలు, అమ్ముకునేవాళ్లు కాదు.

నాలుగు, ఏది కొన్నా బిల్లు తీసుకోండి. "మందు సగం చాలు" అన్న మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడగండి. రైతు కూడా వినియోగదారుడేనని 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసు వేసింది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రైతులే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. నష్టపోయిన రోజు నుంచి రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు లేకపోతే ఇవన్నీ గాలి మాటలవుతాయి. రచ్చకట్ట దగ్గర నోటి మాట మీద కొన్న మా నలుగురికీ బిల్లు లేదు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాం.

ప్రభుత్వాన్ని మేము అడిగేది పెద్దదేం కాదు. రైతుకు అమ్మే ఇట్లాంటి ప్రతి సామానునూ మన జిల్లాల పొలాల్లోనే, రైతుల ముందే, పేర్లు దాచి పరీక్ష చేయాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా తెలుగులో అచ్చేసి రైతు వేదికల గోడకు అంటించాలి. పనిచేస్తుందని తేలితే మేమే ముందుండి కొంటాం, కొనిపిస్తాం.

మేము సైన్సుకు వ్యతిరేకం కాదు. కప్పను గాలిలో తేలించిన సైన్సంటే మాకు గౌరవం ఉంది. ఆ సైన్సు పేరు చెప్పి అప్పుల్లో ఉన్న రైతు జేబులోంచి పద్నాలుగు వేలు లాగడాన్నే మేము వ్యతిరేకిస్తున్నాం.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాలకు ప్రతి ఊరి నుంచి రెండు బకెట్లు, ఒక సిరంజి, ఒక సబ్బు బిళ్ల తెచ్చుకోండి. మాగ్నెట్ పైపు ఉన్నవాళ్లు దాన్ని కూడా తెండి, సిగ్గుపడాల్సింది కొన్నవాళ్లు కాదు. అందరం కలిసి చూద్దాం. చూసింది చూసినట్టు రాసి సంఘానికి పంపండి, ఈ పత్రికలోనే అచ్చేద్దాం.